వాట్లు చూసి మోసపోవద్దు: ఎనిమిది వాట్లతో హాలు నింపిన వాల్వు పెట్టెల కథ

పామర్రు: శ్రీరామనవమి పందిట్లో మైకు మోగిందంటే ఒకప్పుడు ఆ ఊరికే కాదు, చుట్టుపక్కల నాలుగు ఊళ్లకూ పండుగ కబురు అందినట్టే. కొబ్బరి చెట్టుకో, తాటి చెట్టుకో ఎత్తుగా కట్టిన హారన్‌లోంచి ఘంటసాల పద్యం బయలుదేరితే, మైలు దూరాన కాలవ గట్టున నడిచి వచ్చేవారికి కూడా అది ఏ పద్యమో తెలిసేది. పందిరి మూలన బల్లమీద ఉన్న పెట్టెలో నాలుగైదు గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతుండేవి. కరెంటు లేని ఊళ్లలో ఆ పెట్టె బ్యాటరీ మీద నడిచేది. దాని శక్తి ఎంతని మైకు సెట్టువారిని అడిగితే పాతిక, ముప్ఫై వాట్లని చెప్పేవారు.

ఇప్పుడు పట్నం వెళ్లి కొనితెచ్చే హోమ్ థియేటర్ అట్టపెట్టెల మీద వందలూ, వేలూ వాట్లు అచ్చువేసి ఉంటున్నాయి. అలాంటి పెట్టెను పెరట్లో పెట్టి పూర్తిగా పెంచినా వీధి చివర ఉన్నవారికి మాట స్పష్టంగా అందదు. పాతిక వాట్లది మైలు దూరం పోవడమేమిటి, వేల వాట్లది వీధి దాటకపోవడమేమిటి?

అటకమీద తాతల నాటి వాల్వు రేడియోనో, పాత యాంప్లిఫయర్‌నో ఉంచుకున్నవారికి ఈ ప్రశ్న అవసరమైనదే. రాగి తీగ కోసం పాత సామాన్ల వాళ్లకు తూకానికి వేసేముందు ఒక్క విషయం తెలుసుకోవాలి. ఆ పెట్టె చిన్నదే. సరైన స్పీకరు జతపడితే మాత్రం పెద్ద వాద్యబృందం సంగీతాన్ని ఇంటి సావిట్లో నిండుగా వినిపించగలదు. జత కుదరకపోతే చీదరించుకుని మళ్లీ అటకెక్కించాల్సిందే.

ఇంజను కాదు, ఫుట్‌వాల్వు

యాంప్లిఫయర్ ఇచ్చే కరెంటునంతా స్పీకరు ధ్వనిగా మార్చదు. ఇళ్లలో వాడే మామూలు చిన్నపెట్టె స్పీకర్లు నూటికి ఒక వంతు కూడా మార్చవు. మిగతాదంతా లోపల ఉన్న తీగచుట్ట వేడెక్కడానికే ఖర్చవుతుంది. మంచి హారన్ స్పీకరు నూటికి పది వంతులకు పైగా ధ్వనిగా మార్చగలదు. డెల్టా రైతుకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, ఇంజను ఎన్ని హార్స్‌పవర్లయినా ఫుట్‌వాల్వు కారుతుంటే బోదెలోకి నీళ్లు రావు. అందరూ ఇంజను గురించే అడుగుతారు. ఫుట్‌వాల్వు సంగతి అడిగేవారు తక్కువ.

హారన్ చేసే పని మనందరికీ తెలిసినదే. ఈ గట్టున ఉన్నవాడు ఆ గట్టున ఉన్నవాణ్ణి కేకేయాలంటే రెండు అరచేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టుకుంటాడు. గొంతులో బలం అంతే ఉంది. గాలి మీద పట్టు పెరిగింది, శబ్దం నలుదిక్కులా చెదరకుండా ఒక వైపుకు సాగింది. హారన్ గొంతుక దగ్గర ఉండే యూనిట్‌లోని పలుచని పొర వెడల్పు కొద్ది అంగుళాలే. అది నేరుగా బయటి గాలిని కొడితే గాలి పక్కకు తప్పుకుంటుంది. సన్నని గొంతుకలో ఇరుక్కున్న గాలికి తప్పుకునే దారి లేదు కనుక దెబ్బ పూర్తిగా తగులుతుంది. ఆ కదలిక గొట్టం వెంట క్రమంగా వెడల్పవుతూ బయటకు వస్తుంది. సన్నాయికి చివర అనసు ఎందుకు ఉందో దీనికీ అందుకే ఉంది.

స్పీకరు సత్తాను డెసిబెల్స్‌లో చెబుతారు. ఒక్క వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఎంత ధ్వని వచ్చిందో కొలుస్తారు. చిన్నపెట్టె స్పీకరుకు 86 వస్తుందనుకుందాం. పెద్ద హారన్ స్పీకరుకు 104 వరకు వస్తుంది. చూడటానికి తేడా పద్దెనిమిదే. అయితే డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ వాట్లు రెట్టింపు కావాలి. పద్దెనిమిదిలో మూడ్లు ఆరు. ఎనిమిది వాట్లను ఆరుసార్లు రెట్టింపు చేస్తే పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది, రెండు వందల యాభై ఆరు, ఐదు వందల పన్నెండు. హారన్ స్పీకరు ఎనిమిది వాట్లతో చేసే పనిని చిన్నపెట్టెతో చేయించాలంటే 500 వాట్లు పైన కావాలన్నమాట. అన్ని వాట్లు పోస్తే ఆ చిన్న స్పీకరు తీగచుట్ట కాలిపోతుంది, అది వేరే సంగతి.

అట్టపెట్టెల మీద ఉండే వేల వాట్లలో చాలావరకు కాగితం మీది వాట్లే. 1990లలో పీఎంపీవో అనే లెక్క ఒకటి బజారుకు వచ్చింది. రెప్పపాటులో సగం కాలం పాటు వచ్చే శక్తిని ఊహించి, దాన్ని స్పీకర్ల సంఖ్యతో హెచ్చవేసి చూపించే లెక్క అది. గోడకు తగిలించిన చిన్న అడాప్టరుతో నడిచే పెట్టె వెయ్యి వాట్లు ఎక్కడి నుంచి తెస్తుందని అడిగిన వినియోగదారుడు లేకపోవడమే విచిత్రం.

ఆర్కెస్ట్రా అంటే పాటల పార్టీ ఒక్కటే కాదు

మన ఊళ్లలో ఆర్కెస్ట్రా అంటే తిరునాళ్లకు, పెళ్లిళ్లకు వచ్చి సినిమా పాటలు పాడే పార్టీ అని అర్థం స్థిరపడిపోయింది. అసలు అర్థం వాద్యబృందం. పదుల సంఖ్యలో వయొలిన్లు, వేణువులు, బూరలు, డోళ్లు ఒకే రచనను కలిసి వాయించడం. మన దేశంలో ఆకాశవాణి 1952లో ఢిల్లీలో జాతీయ వాద్యబృందాన్ని నెలకొల్పింది. రవిశంకర్ దానికి తొలి సారథి. ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి కూడా ఆ బృందానికి సంగీతం సమకూర్చి నడిపించినవారే. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి ద్వారా సంగీత కచేరీలు కృష్ణా జిల్లా పల్లెలకు చేరాయి. పంచాయతీ రేడియో ముందు, ఊరి అరుగుల మీద కూర్చుని విన్న తరం అది. ఆ వాల్వు రేడియోల ఔట్‌పుట్ మూడు నాలుగు వాట్లు మించేది కాదు.

వాద్యబృందం సంగీతాన్ని పెట్టెలోంచి వినిపించడం కచేరీ పాట కన్నా కష్టం. ఒకే రచనలో ఒకచోట ఒక్క వేణువు గుసగుసలాడుతుంది. క్షణం తర్వాత అరవై వాద్యాలు ఒక్కసారి లేస్తాయి. మెత్తగా ఉన్నప్పుడు 50 డెసిబెల్స్, ఉధృతంగా ఉన్నప్పుడు 100. ఈ తేడాను శక్తిలోకి మారిస్తే లక్ష రెట్లు. ఉధృతానికి ఎనిమిది వాట్లు పడితే, గుసగుసకు వాటులో పదివేలో వంతు కూడా అక్కర్లేదు. అంటే వినే సమయంలో ఎక్కువ భాగం యాంప్లిఫయర్ ఒక వాటులోపే పనిచేస్తుంది. ఆ ఒక్క వాటు శుభ్రంగా ఉండాలి, ఉధృతం వచ్చిన క్షణంలో గొంతు పట్టకూడదు. ఈ రెండూ కుదిరితేనే వాద్యబృందం వాద్యబృందంలా వినిపిస్తుంది.

మైకు గొట్టంలో మద్దెల సగమే

పాత మైకు హారన్ కడితే సరిపోతుంది కదా అనుకుంటే పొరపాటు. మడతలు పెట్టిన ఆ గొట్టం మాటకోసం తయారైంది. సెకనుకు సుమారు 300 కంపనాల కింద ఉన్న స్వరాలను అది పలకలేదు. ఐదారు వేల పైన ఉన్నవాటికి కూడా అంతంతమాత్రమే. వాద్యబృందంలో పెద్ద వయొలిన్ వంటి సెల్లో 65 కంపనాల నుంచి పలుకుతుంది. నిలువెత్తు డబుల్ బాస్ 41 దాకా దిగుతుంది. అవేవీ మైకు గొట్టంలోంచి బయటకు రావు.

ఇందుకు విదేశాల దాకా పోనక్కర్లేదు. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలోనే కూచిపూడి ఉంది. ఒకప్పుడు భాగవతులు కాగడాల వెలుగులో, మైకు లేకుండా, రాత్రంతా కలాపం ఆడేవారు. ఎత్తు శ్రుతిలో గొంతెత్తి పాడితే చివరి వరుసకు వినిపించేది. మైకులు వచ్చాక పాట వీధి చివరిదాకా చేరింది కానీ మృదంగం తీరు మారింది. కుడివైపు టకటకలు గొట్టంలోంచి ఖణేల్మని వస్తాయి. ఎడమవైపు తొప్పి గుంకీలు మాత్రం మధ్యలోనే ఎక్కడో మాయమవుతాయి. మద్దెలలో సగమే వినిపిస్తున్నదని వేదిక పక్కన కూర్చున్నవారికి మాత్రమే తెలుస్తుంది. సన్నాయికి ఈ బాధ లేదు. దాని స్వరమే పై స్థాయిలో ఉండటంతో మైకులో ఇంకా రాణిస్తుంది. పెళ్లి పందిళ్లలో సన్నాయి రికార్డు అంత ఠీవిగా మోగడానికి సగం కారణం ఇదే.

ఈ చిక్కును మొదట విప్పినవారు సినిమా హాళ్ల యంత్రాలు చేసినవారు. టాకీ వచ్చిన కొత్తలో వందలమంది కూర్చున్న హాలులో మాట, పాట, వాద్యాలు అన్నీ వినిపించాలి. చేతిలో ఉన్నవి చిన్న వాల్వులు. అమెరికాలో వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీ 1930లలో చిన్న హాళ్ల కోసం చేసిన ఒక యాంప్లిఫయర్ శక్తి దాదాపు ఎనిమిది వాట్లే. అందులో చివరన ఒకే ఒక్క పెద్ద వాల్వు. 300ఏ దాని పేరు. తర్వాత వచ్చిన 300బీ ఇవాళ్టికీ తయారవుతోంది. ఎనిమిది వాట్లకు హాలు నిండిందంటే గొప్పతనమంతా తెర వెనుక ఉన్న స్పీకర్లదే. కింద పెద్ద కోను స్పీకర్లు బిగించిన మంచమంత పెట్టె, పైన హారన్. మంద్రాన్ని కింది పెట్టె, తారాన్ని పై హారన్ పంచుకునేవి. మన హాళ్లలోనూ తెర వెనక్కి తొంగిచూసిన పిల్లలకు ఈ పెట్టెలు కొత్త కాదు. మైకులో వందసార్లు విన్న ‘మాయాబజార్’ పాటలోనే ఇన్ని వాద్యాలున్నాయా అని హాలులో ఆశ్చర్యపోవడానికి ఇదే కారణం.

వేదిక మీద మనుషులు లేని కచేరీ

వాద్యబృందాన్ని హారన్లలోంచి ఎంత నిజంగా వినిపించవచ్చో 1933 ఏప్రిల్ 27న ఒక ప్రదర్శన తేల్చింది. ఆ రాత్రి ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా తన ఊళ్లోనే కూర్చుని వాయించింది. శ్రోతలు మాత్రం వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలులో ఉన్నారు. మూడు చోట్ల పెట్టిన మైకుల నుంచి సంగీతం మూడు వేర్వేరు టెలిఫోను లైన్ల మీద ప్రయాణం చేసి, వాషింగ్టన్ వేదిక మీద మూడు చోట్ల అమర్చిన హారన్లకు చేరింది. ఆ బృందం సారథి లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ ఫిలడెల్ఫియాలో లేరు. వాషింగ్టన్ హాలులో శ్రోతల వైపు కూర్చుని, మీటలు తిప్పుతూ ధ్వనిని నడిపించారు. ఇదంతా బెల్ లేబొరేటరీస్ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం. అంతకుముందు 1915 క్రిస్మస్ ముందురోజున శాన్‌ఫ్రాన్సిస్కోలో జెన్సెన్, ప్రిడమ్ అనే ఇద్దరు హారన్ స్పీకరుతో భారీ జనసందోహానికి మాట, పాట వినిపించారు. మన మైకు సెట్టుకు తాత అదే.

పెద్ద హారన్‌తో ఒకే ఇబ్బంది, దాని పరిమాణం. 40 కంపనాల స్వరం గాలిలో ఒక్కొక్క అల దాదాపు 28 అడుగుల పొడవుంటుంది. అంత మంద్రాన్ని పలికించే హారన్ నోరు ఇంటి గుమ్మం కన్నా పెద్దదవుతుంది. అమెరికాలో పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు దీనికి చక్కటి ఉపాయం చేశాడు. హారన్‌ను పెట్టెలో మడతలు మడతలుగా చుట్టి, పెట్టెను గది మూలన పెట్టించాడు. మూలకు చేరే రెండు గోడలు, నేల కలిసి హారన్ నోటికి కొనసాగింపుగా పనిచేస్తాయి. 1946 నుంచి అమ్మకానికి వచ్చిన ఈ క్లిప్ష్‌హారన్ నేటికీ తయారవుతూనే ఉంది. మూలన గుమ్మంగానీ, గూడుగానీ ఉన్న గదిలో మాత్రం అది పనిచేయదు.

ఇంత మంచి స్పీకర్లు ఇళ్లలో ఎందుకు నిలవలేదన్నది తర్వాతి ప్రశ్న. చిన్న పెట్టె, లోతైన మంద్రం, ఎక్కువ సత్తా – ఈ మూడూ ఒక్క స్పీకరులో కుదరవు. ఏవైనా రెండే దక్కుతాయి. 1954లో ఎడ్గర్ విల్చర్ అనే అమెరికన్ సత్తాను వదులుకుని మిగతా రెండింటినీ పట్టుకున్నాడు. గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలోంచి మంచి మంద్రం వచ్చింది. కాకపోతే వాట్లు ఎక్కువ తాగింది. కొన్నేళ్లకు ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకయ్యాయి. దాంతో సత్తా గల పెద్ద పెట్టెలు ఇళ్లలోంచి వెళ్లిపోయాయి. ఎనిమిది వాట్ల వాల్వు పెట్టెలకు జోడీ లేకుండా పోయింది. పాత పెట్టెను కొత్త చిన్న స్పీకరుకు తగిలించి, గట్టి సంగీతం రాగానే బొంగురుపోతున్నదని వాల్వులను తిట్టినవారు ఎందరో. తప్పు వాల్వుది కాదు. జపానులో కొందరు అభిమానులు ఈ సంగతి ముందే గ్రహించి, అమెరికా సినిమా హాళ్లు పారేసిన వాల్వు యంత్రాలను, హారన్లను వెతికి కొనుక్కున్నారు. ఆ పాత సామాను ధరలు తర్వాత ఆకాశానికంటాయి.

వాల్వులో మహిమ ఎంత?

వాల్వుకు ఏదో మహిమ ఉందని కొందరు, అదంతా భ్రమ అని మరికొందరు వాదిస్తుంటారు. ఉన్నమాట చెప్పాలంటే, కొలతల్లో మంచి ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్ ముందు చిన్న వాల్వు పెట్టె ఓడిపోతుంది. దాని ధ్వనిలో కల్తీ శాతం ఎక్కువే. అయితే ఆ కల్తీ అసలు స్వరానికి పై స్థాయి షడ్జమంలా కలిసిపోయే రకం కావడంతో చెవికి కటువుగా ఉండదు. పరిమితి దాటినప్పుడు కూడా ఒక్కసారి విరగకుండా మెల్లగా మెత్తబడుతుంది. ఒకే వాల్వుతో నడిచే పెట్టెలో, ధ్వని ఎంత తగ్గితే కల్తీ కూడా అంత తగ్గుతుంది. మెత్తని వేణువు శుభ్రంగా ఉండేది ఇందువల్లనే. సత్తా గల స్పీకరు జతపడితే పెట్టె ఎప్పుడూ ఆ శుభ్రమైన చోటే పనిచేస్తుంది. మహిమ అంటూ ఉంటే ఆ జోడింపులోనే ఉంది.

ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. రెండు వైపులా ఎనిమిదేసి వాట్లిచ్చే ఇలాంటి పెట్టె గోడ నుంచి వంద వాట్లకు పైగా లాగుతుంది. తేడా అంతా వేడే. వేసవిలో బందరు రోడ్డు పక్క ఇంట్లో మధ్యాహ్నం పూట దీన్ని వేసుకుని కూర్చోవడం సాహసమే. వాల్వులు కొన్ని వేల గంటలకు అరిగిపోతాయి కూడా. ఒకప్పుడు బెంగుళూరులో ప్రభుత్వ రంగ భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ వాల్వులు తయారుచేసింది. దానిపేరు అచ్చువేసిన వాల్వులు పాత రేడియోల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఇప్పుడు కొత్తవి రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి రావాలి.

ఏ పెట్టెకు ఏ స్పీకరు

ముందుగా ఇంట్లో ఉన్నదేమిటో చూసుకోవాలి. పాత రేడియోగ్రామ్ అయితే అది పుట్టుకతోనే సరైన జోడీ. మూడు నుంచి ఐదు వాట్ల వాల్వు, దానికి తగ్గ పలుచని కాగితపు కోను స్పీకరు ఒకే బీరువాలో ఉంటాయి. స్పీకరు కాగితం చిరిగిపోలేదంటే దాన్ని మార్చాలన్న ఆలోచనే వద్దు. మైకు సెట్టువారు వాడిన యాంప్లిఫయర్ అయితే జాగ్రత్తగా చూడాలి. వాటిలో చాలావరకు మాటకోసమే చేసినవి. లోపలి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మంద్రాన్ని, తారాన్ని సరిగా పోనివ్వదు. వాద్యబృందానికి అవి తగవు. హరికథ రికార్డుకు భేషుగ్గా సరిపోతాయి.

స్పీకరు కొనేటప్పుడు వాట్లను పక్కనపెట్టి, సత్తా ఎన్ని డెసిబెల్స్ అని అడగాలి. 90కి లోపు ఉన్నదాన్ని చిన్న వాల్వు పెట్టెకు కట్టవద్దు. 95 ఉంటే మామూలు గదికి, కచేరీ పాటకు చాలు. వాద్యబృందం ఉధృతంగా లేచినా తడబడకూడదంటే 98, 100 ఉండాలి. ఇంతటివి ఎక్కడ దొరుకుతాయంటే, దూరం పోనక్కర్లేదు. తిరునాళ్ల వేదికల మీద పాటల పార్టీలవారు వాడే పన్నెండు, పదిహేను అంగుళాల స్పీకర్లలో చాలావాటికి 95 నుంచి 98 దాకా ఉంటుంది. వందల వాట్లు తట్టుకునేలా చేసినా, తక్కువ వాట్లతో కూడా అవి బాగానే పలుకుతాయి. పెద్ద చెక్క పెట్టె చేయించి, పైన చిన్న హారన్ బిగించి, రెండింటికీ స్వరాలు పంచే క్రాసోవర్ పెట్టించుకుంటే సినిమా హాలు పద్ధతే ఇంటికి వచ్చినట్టు. పెట్టె చిన్నదైతే మంద్రం రాదు. ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకునే పరిమాణం, సంగీతం అడిగే పరిమాణం ఎప్పుడూ ఒకటి కావు.

స్పీకరు ఓమ్స్ ఎన్నో చూసి, యాంప్లిఫయర్ వెనుక ఉన్న 4, 8, 16 గుర్తుల్లో సరిపోయినదానికే తీగ కలపాలి. కొన్ని పాత మైకు యాంప్లిఫయర్లకు 100 వోల్టుల లైను గుర్తు ఉంటుంది. దూరపు హారన్లకు ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పంపే లైను అది. ఇంటి స్పీకరును నేరుగా దానికి కలపకూడదు. స్పీకరు తగిలించకుండా వాల్వు యాంప్లిఫయర్‌ను వేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. వెళ్లే దారి లేని శక్తి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనే నిప్పురవ్వై దాన్ని కాల్చేస్తుంది. ట్రాన్సిస్టరు పెట్టెతో అలవాటుపడినవారు ఈ తప్పు తరచూ చేస్తారు.

ప్రాణంతో చెలగాటం వద్దు

ఏళ్ల తరబడి అటకమీద ఉన్న పెట్టెను దింపి, దుమ్ము దులిపి, వెంటనే ప్లగ్గులో పెట్టేవారున్నారు. ఇది ప్రమాదకరం. వాల్వు పెట్టెలో 300 నుంచి 450 వోల్టుల దాకా కరెంటు ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా కండెన్సర్లలో కొంతసేపు ఆ వోల్టేజి నిలిచే ఉంటుంది. ఎండిపోయిన పాత కండెన్సర్లు పేలిపోవచ్చు. రేడియో మెకానిక్కులు ఇలాంటి పెట్టెను ముందుగా ఒక మామూలు ఫిలమెంట్ బల్బుతో సిరీస్‌లో కలిపి వేసి చూస్తారు. బల్బు పూర్తిగా వెలిగి ఆగకపోతే లోపల షార్టు ఉన్నట్టు. మెల్లగా మసకబారితే ముందుకు పోవచ్చు. వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపాలి. దానికి ముందున్న చిన్న కండెన్సరు కారుతున్నదని అర్థం.

పాత రేడియోల్లో మరో రకం ఉంది. ఏసీకి, డీసీకి రెండింటికీ పనికొచ్చేలా, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా చేసినవి. వాటి వాల్వుల పేర్లు ‘యు’ అక్షరంతో మొదలవుతాయి. వీటిలో ఇనుప చట్రం నేరుగా గోడ కరెంటుకే కలిసి ఉంటుంది. బొత్తాం ఊడిపోయిన ఇనుప కడ్డీని చేత్తో తిప్పినా షాకు కొట్టవచ్చు. వాటికి బయటి స్పీకరు గానీ, ఫోను గానీ ఇంట్లో తగిలించే ప్రయత్నం చేయకూడదు. తెలిసిన మెకానిక్కుకే అప్పగించాలి. అయితే వాల్వు పని తెలిసిన మెకానిక్కులు ఊరికొకరు ఉన్న రోజులు పోయాయి. ట్రాన్సిస్టర్లు, ఆ తర్వాత టీవీలు, సెల్‌ఫోన్లు వచ్చి ఆ చేతులు వేరే పనులకు మళ్లాయి. విజయవాడ రేడియో సామాన్ల దుకాణాల్లో విచారిస్తే పాతకాలపు పనివారి ఆచూకీ తెలియవచ్చు.

పెద్ద సౌండు కోసమే ఇదంతా అనుకునేవారికి ఒక మాట. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడరాదు. సత్తా గల స్పీకరుతో ఎనిమిది వాట్లు కూడా ఇరుగుపొరుగును లేపగలవు.

అన్నీ కుదిరాక కొత్తగా ఒక సమస్య బయటపడుతుంది. పాట లేనప్పుడు స్పీకరులోంచి తుమ్మెద ఝంకారంలా సన్నని హమ్ వినిపిస్తుంది. చిన్నపెట్టె స్పీకరుతో విన్నన్నాళ్లూ అది లేదు కనుక కొత్త స్పీకరే చెడ్డదని తిరిగి ఇచ్చేసేవారున్నారు. నిజానికి ఆ హమ్ యాంప్లిఫయర్‌లో మొదటి నుంచీ ఉన్నదే. సత్తా గల స్పీకరు సంగీతంతోపాటు దాన్ని కూడా వినిపించేస్తున్నది. ముందుగా పవర్ సప్లయిలోని ఫిల్టర్ కండెన్సర్లు మార్పించాలి. తర్వాత వాల్వులను వెలిగించే తీగలు రెండింటినీ పురి పెట్టించాలి. ఎర్త్ ఒకేచోట కలిసేలా చూడాలి. అప్పటికీ తగ్గకపోతే పవర్ ట్రాన్స్‌ఫార్మర్, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకదాని పక్కన ఒకటి ఒకే వైపుకు తిరిగి ఉన్నాయేమో చూసి, ఒకదాన్ని అడ్డంగా తిప్పి బిగించాలి.